నది దాటి కూర్చున్న చుక్క

కొత్త రాష్ట్రం వచ్చింది, మన రాయపూర్ రాజధాని అయింది. ఆ సంబరంలో ఆఫీసులన్నిటికీ సున్నాలు కొడుతున్నారు, కంప్యూటర్లు దింపుతున్నారు, జీఐఎస్, అంటే కంప్యూటర్లో పటాలు గీసే విద్య, తెలిసిన కుర్రాళ్ళు కావాలని పేపర్లో వేస్తున్నారు. మొన్న ఒక శిక్షణ తరగతికి నన్నూ పిలిచారు. పిలిచి, మైకులో ‘పాతకాలంలో నక్షాలు గీసిన రావుగారు’ అని పరిచయం చేశారు. నాకు ఒళ్ళు మండింది. పాతకాలం ఏమిటయ్యా? మీరు రేపు తెర మీద చేయబోయే పనే నేను ఏళ్ళ తరబడి గాజుబల్ల మీద చేశాను. తెర వచ్చాక తెర మీదా చేశాను. ఈ మాటలు చెబుదామంటే మైకు నా చేతికి వచ్చేసరికి టీ వేళయింది. అందరూ లేచి సమోసాల వైపు పోయారు.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని వదిలి సమోసాలకి పోయేవాళ్ళు పోవచ్చు. తిరిగొచ్చాక అది అక్కడే ఉంటుంది.

గాజుబల్ల

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వేలో ఫైర్‌మన్‌గా వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డాడు. నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు. హైస్కూలు కూడా పూర్తిగా తొక్కలేదు. చేతిరాత బాగుందని నక్షాల, అంటే పటాల, ఆఫీసులో ట్రేసరుగా తీసుకున్నారు. సర్వే పుస్తకాలు పాత సామాన్ల వాడి దగ్గర తూకానికి కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. సగం అర్థమయ్యేది. మిగతా సగం అర్థమైన వాళ్ళలాగా నటించే ఇంజనీర్లని చూసి ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

ట్రేసరు పని ఏమిటంటే, కింద ట్యూబులైటు వెలిగే గాజుబల్ల మీద అసలు షీటు పరిచి, దాని మీద ట్రేసింగ్ గుడ్డ బిగించి, జిడ్డు పోవడానికి టాల్కం పౌడరు రాసి, నిబ్బుతో గీతలు దింపుకోవడం. తప్పు పడితే బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే గుడ్డకి చిల్లు, మనకి చీవాట్లు. వానాకాలం కాగితం ఉబ్బేది. నిన్న సరిపోయిన నది ఇవాళ ఒడ్డు తప్పేది.

నదులు ఒక షీటు మీద, రోడ్లు ఇంకో షీటు మీద, ఊళ్ళు మరో షీటు మీద గీసేవాళ్ళం. మూడూ ఒకదాని మీద ఒకటి పరిచి లైటు వేస్తే దేశం కనిపించేది. ఇప్పుడు దీన్ని లేయర్లంటారు. మొన్నటి శిక్షణ తరగతిలో పాఠం చెప్పిన కుర్రాడు ‘లేయర్ అనేది ఒక విప్లవాత్మకమైన ఆలోచన’ అన్నాడు. బాబూ, ఆ విప్లవం మా దగ్గర అరలో దుమ్ము పట్టి ఉండేది.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ దేశ్‌పాండే గారని నాగపూర్ ఆయన. ఆయనకి ఒకటే నియమం: ఊరి పేరు ఏ గీతనీ తొక్కకూడదు. కొండ గీతలూ అడవి గుర్తులూ కిక్కిరిసిన చోట ఊరుంటే, ఊరి గుర్తుని అక్కడే ఉంచి, పేరుని మాత్రం పక్కన ఖాళీ ఉన్న చోటికి తీసుకుపోయి రాయాలి. “పేరుకి గాలి ఆడాలి” అనేవారు. షీటు చదవడం వచ్చినవాడికి గుర్తు ఎక్కడుందో, పేరు ఎక్కడుందో తెలుసు. ఎవరూ పొరపడేవారు కాదు. చదవడం రానివాడు ఒకనాడు ఆ షీటు పట్టుకుంటాడని మేమెవరమూ అనుకోలేదు.

చుక్క, గీత, హద్దు

ఈ విద్యలో ఉన్న సరుకంతా మూడు దినుసులు: పాయింట్, లైన్, పాలిగన్. అంటే చుక్క, గీత, మూసుకున్న హద్దు. వీటిని కలిపి వెక్టర్ అంటారు. పుస్తకంలో బావి చుక్క, రోడ్డు గీత, చెరువు హద్దు అని రాసి ఊరుకుంటారు. అలా ఊరుకుంటేనే నాకు కోపం. చుక్కా హద్దా అన్నది వస్తువులో లేదు, మీరు అడిగే ప్రశ్నలో ఉంది. దేశపటంలో రాయపూర్ ఒక చుక్క. మురుగుకాలవ తవ్వేవాడికి నేనుంటున్న దేవేంద్ర నగర్ ఒక్కటే బారెడు హద్దు. పోస్టుమ్యాన్‌కి మళ్ళీ మా ఇల్లు చుక్క. ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోండి, తర్వాత గీయండి.

గీతలు ఒకదాన్నొకటి తాకాలి. ఒక కుర్రాడు రాయపూర్ పొలిమేరలోని టాటీబంధ్ కూడలి గీశాడు. కంటికి అన్ని రోడ్లూ కలిశాయి. నిజానికి వెంట్రుకవాసి సందు మిగిలింది. లారీలకి దారి చూపించమని కంప్యూటర్‌ని అడిగితే, భిలాయి వైపు నుంచి వచ్చిన లారీ టాటీబంధ్ దగ్గర ఊళ్ళోకి తిరగడానికి దారి లేదంది. నాగపూర్ వైపు వెనక్కి పొమ్మంది. రోజూ అక్కడ లారీల మధ్య స్కూటరు దూర్చుకుని వచ్చే మా ఆఫీసు వాళ్ళంతా ఆ తెర చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

హద్దు మూసుకోవాలి. పొలం గట్టుకి గండి పడితే నీళ్ళు పోయినట్టు, పాలిగన్‌కి సందుంటే రంగు పోతుంది. ఒక తహసీలుకి పచ్చరంగు వేయమన్నాం. మేం టీ తాగి వచ్చేసరికి జిల్లా అంతా పచ్చబడింది.

ఇక రెండో జాతి రాస్టర్. ఉపగ్రహం తీసిన ఫోటో అదే. గళ్ళ లుంగీ అనుకోండి: గడికి ఒక రంగు, గడి లోపల ఇంకేమీ లేదు. ఆ గడినే పిక్సెల్ అంటారు. అడవి ఎక్కడ పలచబడింది, వరద ఎంతమేర పాకింది అని చూడడానికి లుంగీ మంచిది. ఎవరి పొలం ఎక్కడ ఆగింది అంటే హద్దే కావాలి. రెండిట్లో ఏది గొప్ప అని వాదించుకునే ఆఫీసర్లని చూశాను. లుంగీ గొప్పదా, దాని అంచు గొప్పదా అని ఎవరైనా కొట్టుకుంటారా?

ప్రతి చుక్క వెనకా ఒక పట్టిక ఉంటుంది. ఊరి పేరు, జనం, బావులు, బడి అందులో ఉంటాయి. చుక్క మీద నొక్కితే ఆ వరస తెరుచుకుంటుంది. మంత్రులకి చూపించేది ఎప్పుడూ ఇదే. వాళ్ళు తమ ఊరి మీద నొక్కి మురిసిపోతారు.

ఏసీ గదిలో

తొంభైలలో మా ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. దానికో గది, గదికి ఏసీ. అప్పటిదాకా మా ఆఫీసులో ఏసీ అన్నది పై అధికారి మిశ్రా సాబ్‌కి కూడా లేదు. మే నెల రాగానే గుమాస్తాల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ కంప్యూటర్ విద్య మీద అమితమైన ఆసక్తి పుట్టింది.

ఆ గది బాధ్యత వీణది. మా కాలనీలోనే ఉండే లోకో డ్రైవరు గారి అమ్మాయి, జాగ్రఫీలో ఎమ్మే చేసి కంప్యూటర్ నేర్చుకుంది. నన్ను బాబాయ్ అనేది.

“బాబాయ్, జోళ్ళు బయట విప్పండి. సాబ్ చూస్తే గుస్సా అయిపోతారు.”

“ఏటే, ఇదేటి గుడేటి?”

“గుడి కంటే జ్యాదా. గుళ్ళో ఏసీ లేదు.”

నేను దానికి షీటు చదవడం నేర్పాను. అది నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది. షీటుని ఒక పెద్ద పలక మీద అతికించి, వేళ్ళకింద ఇమిడే పరికరంతో గీత వెంట జరుపుతూ, మలుపు మలుపుకీ నొక్కుతూ పోతే గీత కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఇద్దరం రెవెన్యూ నక్షాలు ముందు పెట్టుకుని జిల్లాలో ఊరూరి సరిహద్దూ అలా ఎక్కించాం. మిశ్రా సాబ్‌కి అది దండగ పని. “ఊరికో చుక్క చాలదా రావ్‌జీ? కాంట్రాక్టరు చుక్కలన్నీ పెట్టి ఇచ్చేశాడు కదా” అనేవారు. నేను వాదించేవాణ్ణి. వీణ వాదించేది కాదు, నవ్వుతూ ఎక్కించుకుంటూ పోయేది. వాదించిన నాకంటే దాని పనే ఎక్కువ సాగేది. ఇది కూడా రాసుకోండి.

గొడుగూ సర్పంచీ

ఆ వేసవి పైనుంచి ఆజ్ఞ వచ్చింది: నడిచి వెళ్ళేంత దూరంలో మంచినీటి పంపు లేని ఊళ్ళకి బోరు బండి పంపాలి, అవి ఏ ఊళ్ళన్నది కంప్యూటర్ తేల్చాలి. ఊరి చుక్క నుంచి పంపు చుక్కకి దూరం కొలవమన్నాం. జాబితా వచ్చింది, భోపాల్‌కి వెళ్ళింది. అప్పట్లో రాజధాని అదే.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒక మొగుడూ పెళ్ళాం టాటీబంధ్‌లో బస్సు దిగి, అడ్రసు కనుక్కుంటూ మా ఆఫీసుకి వచ్చారు. ఆడవాళ్ళకి సర్పంచి పదవులు కొత్తగా వచ్చిన రోజులు. చాలా ఊళ్ళలో ఆవిడ పేరు, ఆయన పెత్తనం. మిశ్రా సాబ్ అలవాటుగా మొగుడి వైపు తిరిగి, “చెప్పండి సర్పంచ్‌జీ” అన్నారు.

ఆయన చేతిలో గొడుగుతో భార్యని చూపించాడు. “సర్పంచి తను సాబ్. నేను గొడుగు పట్టడానికి వచ్చాను.”

ఆవిడ పేరు సుకవారో బాయి. మాట్లాడింది ఛత్తీస్‌గఢీలో. నేను తెలుగులో చెబుతాను.

“సాబ్, మా ఊరికి బోరు బండి ఎందుకు రాదు?”

“మీకు పంపు ఉంది బాయీ. ఊరికి ఆనుకునే ఉంది.”

“ఉంది. నదికి ఆవలి ఒడ్డున ఉంది.”

“ఆవలి ఒడ్డు కాదు, మీ ఒడ్డే. కంప్యూటర్‌లో ఉంది, రండి.”

ఏసీ గదిలోకి తీసుకుపోయాం. వీణ తెర మీద ఊరి చుక్కని మినుకుమినుకుమనిపించింది. నీలం గీత నది. చుక్క దానికి కుడిపక్క, పంపు చుక్కా కుడిపక్కే. సుకవారో బాయి వంగి చూసింది. నది ఎటునుంచి ఎటు పారుతోందో వీణని అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆగక నేల మీద కూలబడింది.

“మోర్ గావ్ హ కబ్ తఉరిస్? మా ఊరు ఎప్పుడు ఈదిందమ్మా? పొద్దున్న నేను బస్సెక్కేటప్పుడు ఇటే ఉందే!” మొగుడి వైపు తిరిగింది. “నువ్వు వెనక సీట్లో కూర్చున్నావుగా, చూడలేదూ?”

“నిద్రపోయాను” అన్నాడాయన, తప్పు తనదేనన్నట్టు.

అందరం నవ్వాం. ఆవిడ ముందు ఆపింది.

“ఎండాకాలం ఇసుకలో కాళ్ళు కాల్చుకుంటూ దాటి బిందె తెస్తాం సాబ్. వాన పడితే నది నిండుతుంది. ఆ పంపు ఆవల నుంచి మమ్మల్ని చూస్తుంది, మేం దాన్ని చూస్తాం. చెలమ తవ్వుకుని బురదనీళ్ళు తాగుతాం. పోయిన వానలకి మా మరిది కూతురు ఆ నీళ్ళు తాగే పోయింది.”

మిశ్రా సాబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బోరు బండి ఆ వారంలోనే బయల్దేరాలి. ఒక్కసారి వానలు మొదలైతే నల్లరేగడిలో ఆ లారీ దిగబడిపోతుంది, మళ్ళీ చలికాలం దాకా ఆ ఊరు చెలమకే పోవాలి.

పేరు ఊరు కాదు

నేను అరలోంచి ఆ షీటు లాగి బల్ల మీద పరిచాను. ఊరి గుర్తు నదికి ఎడమ ఒడ్డునే ఉంది. కొండ గీతల మధ్య చిన్న చిన్న నలుపు గడులు. పేరు మాత్రం, దేశ్‌పాండే గారి నియమం ప్రకారం, నది దాటి కుడి ఒడ్డున ఖాళీ జాగాలో గాలి పీల్చుకుంటోంది. కాంట్రాక్టరు మనుషులు షీటు చదవలేదు. పేరు చదివారు. పేరులో మొదటి అక్షరం మీద పరికరం పెట్టి టక్కుమని నొక్కారు. ఊరయిపోయింది.

నేను అరిచిన అరుపులకి తోటమాలి కూడా వచ్చాడు. ఏసీ కోసం కాదు, నిజంగానే కంగారుపడి.

“ఠీక్ హై రావ్‌జీ” అన్నారు మిశ్రా సాబ్. “ఈ ఒక్క చుక్క జరిపేయండి. భోపాల్‌కి చిన్న సవరణ అని చెప్పేస్తాను. చుప్‌చాప్.”

“జిల్లా అంతా వీళ్ళే నొక్కారు సాబ్. మిగతావి?”

“ఒక్కో షీటూ తీసి చూడాలంటే నెల పడుతుంది. ఈలోగా వానలొస్తాయి. మీ కోపం చల్లారడానికి ఈవిడ నీళ్ళు ఆపమంటారా?”

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. అందుకే నాకు ఇంకా మండింది. జాబితా మొత్తం వెనక్కి తెస్తే ఆవిడ ఊరు ఆగిపోతుంది. తేకపోతే ఇలాంటి ఊళ్ళు ఎన్నో చెలమ దగ్గరే మిగిలిపోతాయి.

సుకవారో బాయి అడిగింది, “ఇంకా ఎన్ని ఊళ్ళు ఈదాయి?”

“తెలియదు బాయీ” అన్నాను.

“ముందు మాది రాయండి. నేను దేవతనేం కాదు. మిగతా ఊళ్ళవి ఎప్పుడు రాస్తారో కూడా ఇప్పుడే చెప్పండి. చెప్పేదాకా కూర్చుంటాను.” అని, ఆ పవిత్రమైన ఏసీ గదిలో, జోళ్ళు కూడా నిషేధించిన ఆ గచ్చు మీద, టిఫిన్ గిన్నె విప్పి బాసీ తినసాగింది. బాసీ అంటే మన చద్దన్నమే. మొగుడికి ఉల్లిపాయ పగలగొట్టి ఇచ్చింది.

వీణ మాత్రం తెర వైపే చూస్తోంది. “బాబాయ్, షీట్లు ఎందుకు తియ్యడం? మన దగ్గర బౌండరీలున్నాయి కదా.”

“ఉంటే?”

“ప్రతి చుక్కనీ నీ హద్దులో నువ్వున్నావా అని పూఛేద్దాం. ఊరి పేరు చుక్కకీ ఉంది, హద్దుకీ ఉంది. రెండూ మ్యాచ్ అవ్వని చుక్కలన్నీ బయటపడిపోతాయి.”

చూడండి, ఇదీ ఈ విద్య. చుక్కల లేయరు ఒకటి, హద్దుల లేయరు ఒకటి, రెండిటినీ ఒకదాని మీద ఒకటి వేసి ఒక్క ప్రశ్న. గాజుబల్ల మీద నేను ఈ ప్రశ్న ఊరూరికీ వంగి అడగాలి. యంత్రం అన్ని ఊళ్ళనీ ఒక్కసారే అడుగుతుంది. అన్ని రోజులూ దాన్ని తిట్టిన నోటితోనే చెబుతున్నాను, నాకు కుర్చీ ఎక్కి గెంతాలనిపించింది. కీళ్ళు ఒప్పుకోక ఊరుకున్నాను.

యంత్రం గురగురలాడింది. టీలు వచ్చాయి, తాగేశాం. తర్వాత తెర మీద ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి దిగడం మొదలైంది. దిగుతూనే ఉన్నాయి. వీణ ఒక్కో చుక్కా ఎక్కడుందో చూసి చదువుతోంది. ఒక ఊరు రైలు పట్టాల మీద కూర్చుంది. రెండు ఊళ్ళు ఒకదాని జాగాలో ఒకటి చేరాయి. ఒకటి టిక్కెట్టు లేకుండా పక్క జిల్లాకి పోయింది. చదివిన కొద్దీ గది గొల్లుమంది. మిశ్రా సాబ్ ఒక్కరే తల పట్టుకుని కూర్చున్నారు. ఇంతలో వీణ ఒక పేరు చదివి, “ఇది డ్యామ్ నీళ్ళ మధ్యలో ఉంది” అంది.

ఆయన తల ఎత్తారు. “అది మా అత్తగారి ఊరు.”

“మునిగిపోయింది సాబ్” అన్నాను.

ఆయన కాసేపు బిగపట్టి, ఇక ఆపుకోలేక కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వి, లేచి, ఎస్టీడీ కలపమన్నారు. భోపాల్‌లో పై అధికారితో ఆయన మాట్లాడింది గోడ ఇవతలికి వినిపించింది. కాంట్రాక్టరు మాట చివర్లో వచ్చింది. ముందు మాత్రం, “నేను చూసుకోకుండా సంతకం పెట్టాను సర్, జాబితా తప్పు, మూడు రోజులివ్వండి” అన్నారు. నా నౌకరీలో చాలామంది అధికారుల కింద పనిచేశాను. ఇలాంటి ఫోను చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. ఈ మాట ఆయన ముఖాన ఎప్పుడూ అనలేదు, ఆయన ముఖాన ఎక్కువగా వాదనే పెట్టుకున్నాను.

దారి తప్పిన చుక్కలకే షీట్లు తీశాం కాబట్టి పని నెల పట్టలేదు. చుక్కని హద్దు నడిమధ్య పడేస్తే సరిపోతుందన్నాడు ఒకడు. నడిమధ్య అడవి ఉండొచ్చు, చెరువుండొచ్చు. షీటులో ఇళ్ళ గుర్తు ఎక్కడుంటే అక్కడే పెట్టాం. వీణ నొక్కింది, నేను చదివాను, మిశ్రా సాబ్ టీ పోశారు. దూరం కూడా నది గీత దాటకుండా కొలవమన్నాం. కొత్త జాబితా వెళ్ళింది. సుకవారో బాయి ఊరు అందులో ఉంది. దారిలో ముందుగా తగిలే మూడు ఊళ్ళ తర్వాత దాని వంతు.

బోరు బండి

బండి వెంట నన్నూ పంపారు. మూడో ఊరు దాటేసరికి పడమట మబ్బు పట్టింది. నది ఇసుక మీద లారీ దాటుతుంటే డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నేను ఆకాశం చూశాను. ఆవలి ఒడ్డెక్కేసరికి ఊరు ఊరంతా నిలబడి ఉంది.

ఆ ఊరు ఒక చుక్క కాదు, మూడు పారాలు. పారా అంటే పేట. బోరు ఎక్కడ వేయాలని మూడు పేటల ఆడవాళ్ళూ ఒకేసారి అరుస్తున్నారు. సుకవారో బాయి నన్ను ముందుకి తోసింది. “చుక్కలు పెట్టే బాబు వచ్చాడు. అడగండి.”

“నేను పెట్టను తల్లీ” అన్నాను. “నీళ్ళు ఎక్కడుంటే అక్కడ.”

బండితో వచ్చిన, నేల చూసి నీళ్ళ జాడ చెప్పే ఆయన మూడు పేటల నడుమ బాటపక్కన మేకు దింపాడు. యంత్రం తిరిగింది. తెల్లటి రాతిపొడి లేచి అందరి జుట్టూ నెరిసింది. ఎంతసేపటికీ పొడే. గొట్టం మీద గొట్టం దింపారు, అప్పుడూ పొడే. అరుపులు తగ్గిపోయాయి. కూతుర్ని పోగొట్టుకున్న సుకవారో బాయి మరిది గుంపుకి దూరంగా, యంత్రం వైపు చూడకుండా నిలబడ్డాడు. ఉరిమింది. డ్రైవరు నా దగ్గరికి వచ్చి, “ఇంకో గొట్టం చూస్తాను. తర్వాత వాన పడితే బండి ఇక్కడే వానాకాలం చేస్తుంది” అన్నాడు.

ఆ గొట్టం సగం దిగేసరికి పొడి రంగు మారింది. బూడిదరంగు ముద్దలుగా పడింది. మరుక్షణం బురద ఎగిరి సుకవారో బాయి మొగుడి గొడుగు మీద పడింది. బురద వెనకే నీళ్ళు, తాటిచెట్టంత ఎత్తు. పిల్లలు దాంట్లోకి పరిగెత్తారు, ముసలివాళ్ళు పరిగెత్తారు, మొగుడు గొడుగు మూసి పారేసి పరిగెత్తాడు. నా కళ్ళజోడు ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆకాశంలోంచి మొదటి చినుకులు పడుతున్నా ఎవరూ గమనించలేదు, ఎలాగూ తడిసే ఉన్నాం.

సుకవారో బాయి లోటా పట్టి, తేటపడేదాకా ఆగి, ముందు మరిది చేతికి ఇచ్చింది. ఆయన తాగలేదు. చాలాసేపు అందులోకి చూశాడు. తర్వాత పక్కనున్న చంటిబిడ్డని ఎవరి బిడ్డో అడక్కుండా ఎత్తుకుని, వేలు ముంచి నోట్లో పెట్టాడు. బిడ్డ చప్పరించి, ఇంకా కావాలని లోటా గుంజింది.